వదులు మడ్‌గార్డు

పిల్లలంతా ఆమెను ఆటో అత్త అంటారు. పంతొమ్మిదేళ్లపాటు పెట్రోలు ఆటోలో పిల్లల్ని బడికి చేరవేసి, ఈ సెలవుల్లోనే కరెంటు ఆటో కొనుక్కుంది. ఆనాటి నుంచి ఆమె నోట ఇంకో మాట లేదు. ఎవరైనా తలనొప్పి అంటే చాలు, పెట్రోలు పొగ వల్లే అని తేల్చేస్తుంది. కూరగాయలు బేరమాడుతూ బ్యాటరీలోకి దిగిపోతుంది. "ఇంకో పదేళ్లు పోనీ, పొగబండి చూడాలంటే మ్యూజియానికి వెళ్లాలి, రాసిపెట్టుకో" అని పాలు పోసే అతనికి కూడా చెప్పింది.

ఆమె భర్త దర్జీ. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను. "మా ఆవిడకి జ్వరమొస్తే థర్మామీటరు అక్కర్లేదు. బ్యాటరీ ఎంత పర్సెంటు మిగిలిందో చూస్తే చాలు" అనేవాడు మిషను మీంచి తలెత్తకుండా.

ఆయన వెక్కిరింపులు ఆమెకు పట్టలేదు. పాత బండి దిగాక సాయంత్రం దాకా చేతులు వణికేవి. ఇప్పుడు ఆయన సూదికి దారం ఒక్కసారికే ఎక్కించి ఇస్తోంది. అన్నిటికన్నా ఆమెకు నచ్చింది మాత్రం ఆ బండి నిశ్శబ్దం. నీళ్ల మీద పడవలా పోతోందని మురిసిపోయేది.

బడి తెరిచిన రోజు పొద్దున్నే మొదటి ఇంటి ముందు బండి ఆపింది. ఎవరూ రాలేదు. కాసేపటికి ఓ తల్లి తలుపు తీసి, "అయ్యో అక్కా, ఎప్పుడొచ్చారు?" అంటూ లోపలికి పరుగెత్తింది. రెండో ఇంట్లోనూ అంతే. ఆటో అత్తకు హారన్ కొట్టే అలవాటు లేదు. నిద్రపోయే పసిపిల్లలు, రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సు ఉండే వీధి అది. పదకొండు మందినీ ఎక్కించుకుని బడికి చేరేసరికి గేటు మూసేశారు.

మర్నాడు పది నిమిషాలు ముందే బయలుదేరింది. అయినా గేటు మూసే ఉంది. పెద్ద టీచరు బయటికే వచ్చింది.

"బండి దారిలో ఆగిపోతోందా?"

"లేదమ్మా, బంగారంలా నడుస్తోంది."

"బంగారం సంగతి నాకెందుకు? రేపు కూడా ఇలాగే అయితే ఎల్లుండి నుంచి పాత ఆటోలోనే తీసుకురా."

పాత ఆటో ఇంకా పెరట్లోనే ఉంది. మళ్లీ ఆ పొగ, ఆ వణుకు తన వల్ల కాదనుకుంది. బండిలో ఏ లోపమూ లేదే, మరి ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? దారంతా ఆలోచించుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అదేంటి, వచ్చేశావా?" ఉలిక్కిపడ్డాడు భర్త. "ఇదివరకైతే నువ్వు సందు మలుపు తిరగ్గానే ఆ డబడబ వినపడేది, లేచి టీ పెట్టేవాణ్ణి. ఇప్పుడు దొంగలా వస్తున్నావు."

ఆమె చెప్పులు విడవబోయి ఆగిపోయింది.

"ఏవండీ, మళ్లీ చెప్పండి."

"దొంగలా వస్తున్నావన్నాను."

"అది కాదు. దానికి ముందుది."

ఇన్నేళ్లూ ఆ వీధిలో వాళ్లు గడియారం చూసి సిద్ధమవుతున్నారనుకుంది. కానీ వాళ్ల గడియారం తన పాత బండి చప్పుడే. బండి వీధి మొదట్లో ఉండగానే విని బూట్లు తొడిగేవారు, బ్యాగులు తగిలించేవారు.

"అయితే హారన్ కొట్టు" అన్నాడాయన.

"పసిబిడ్డ లేస్తే ఆ తల్లి నన్ను బతకనిస్తుందా?"

గబగబా పెరట్లోకి వెళ్లింది. పాత బండి వెనక మడ్‌గార్డుకు ఒక బోల్టు ఊడిపోయి ఏళ్లయింది. గతుకు వచ్చినప్పుడల్లా గలగలమనేది. దాన్ని ఊడదీసి, ఆ ఒక్క బోల్టూ లేకుండానే కొత్త బండికి బిగించడం మొదలుపెట్టింది. ఆయన గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"చప్పుడు లేదనే కదటే దీన్ని నెత్తిన పెట్టుకున్నావు!"

"చప్పుడు వేరు, కబురు వేరు. ఆ స్పానరు ఇటివ్వండి."

మూడోరోజు వీధి మొదట్లో స్పీడ్‌బ్రేకర్ ఎక్కగానే మడ్‌గార్డు గలగలమంది. మొదటి తలుపు తెరుచుకుంది. ఆ వెనకే రెండోది, ఎదురుగా ఇంకొకటి. పిల్లలు ఒంటి బూటుతోనైనా గడప దాటేశారు.

"హమ్మయ్య, మీ బండి బాగయిందా అక్కా?" అంది ఓ తల్లి సంబరంగా.

బండికేమైందని బాగవడానికి? ఇంకో రోజైతే అక్కడే ఓ ఉపన్యాసం దంచేదే. ఇవాళ మాత్రం "బాగయిందమ్మా" అని ముందుకు పోయింది.

బడి గేటు బార్లా తెరిచి ఉంది. ఇంకా ఏడు నిమిషాలుంది. హ్యాండిల్ మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. పెద్ద టీచరు బండి వెనక్కి తొంగిచూసింది.

"వెనకేదో వదులైనట్టుంది, బిగించుకో."

"బిగించిందేనమ్మా. కావలసినంతే."

తిరిగి వస్తూ తమ సందు మలుపులో గతుకు వెతుక్కుని మరీ దాని మీదుగా పోనిచ్చింది. గుమ్మం ఎక్కేసరికి స్టవ్ మీద టీ పొంగుతోంది.