ఎవరు పోయినా మోగిన గంట

మా ఎస్టేటు గుడి గంట జర్మనీ నుంచి వచ్చింది. చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం. గంట తెచ్చిన జర్మన్ దొరను నేను చూడలేదు, మా అమ్మ చూసింది. ఆయన సొంత ఊళ్ళో చిన్న చర్చి ఉండేదట. ఊళ్ళో ఎవరు పోయినా దాని గంట కొట్టేవాళ్ళట, పొలంలో ఉన్నవాళ్ళు టోపీలు తీసి పని ఆపేవాళ్ళట. ఇక్కడా అలాగే చెయ్యమన్నాడు. మావాళ్ళకు టోపీలెక్కడివి, తలగుడ్డలు తీశారు.

బాగన్ దాతుక్ దగ్గర, మావాళ్ళు సముద్రం దాటి కూలికొచ్చిన కొబ్బరి ఎస్టేటు మాది. ఏసును మొక్కేవాళ్ళం కొద్దిమందిమే, మిగతావాళ్ళు అమ్మవారిని మొక్కేవాళ్ళు. గంట మాత్రం అందరికీ కొట్టేవాళ్ళు. వినగానే కాయలు వలిచేవాళ్ళు చేతిలో పని ఆపేసేవాళ్ళు. ఆడవాళ్ళం తలా పిడికెడు బియ్యం పట్టుకుని వెళ్ళేవాళ్ళం. చావింట్లో పొయ్యి వెలిగించరు గనక ఆ బియ్యం పక్కింట్లో వండి పెట్టేవాళ్ళం. నేను అక్షరాలు దిద్దింది కూడా ఆ గుడి వరండాలోనే, మనవలు పుట్టాక.

తర్వాత ఎస్టేటు అమ్మేశారు. కూలీల లైను ఇళ్ళతోపాటు గుడినీ పడగొట్టారు. మేం తామాన్ అనే కొత్త కాలనీ ఇళ్ళకు వచ్చాం. గంటను లారీలో టౌను చర్చికి తీసుకుపోయారు.

లైనులో నా పక్కింటి అప్ప, నాకు అక్కలాంటిది, ఇక్కడా నా పక్కిల్లే. నుదుట ఇంత బొట్టు, గోడకు అమ్మవారి పటం. ఈమధ్య మంచాన పడింది. ఒకరోజు గంజి తాగిస్తుంటే అంది:

"ఒలే, నాను పోతే గంట కొట్టించవే. మా అత్తకి కొట్టినారు, మా ఆయనకి కొట్టినారు. నాకేటి తక్కువ?"

"ఇప్పుడే పోతావేటి? గంజి తాగు."

"తాగుతానే. కొట్టిస్తానను ముందు."

అన్నాను. ఏం చెయ్యను?

బస్సెక్కి టౌను చర్చికి వెళ్ళాను. గంట గుమ్మం పక్కన పీట మీద ఉంది, తుడిచి మెరిపించారు. లోపల నాలుక లేదు. పిల్లలు ఊరికే వాయిస్తున్నారని తీసేశారట, ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలీదు. పాస్టరు నా మనవడి వయసువాడు, నన్ను పాట్టీ, అంటే అవ్వా, అంటూ తమిళంలో మర్యాదగా మాట్లాడాడు, కాఫీ తెప్పించాడు. నాలుగు మాటలు అనేసి వద్దామని వెళ్ళినదాన్ని, అనడానికి అతనిలో తప్పేమీ దొరకలేదు. అప్ప కోరిక చెప్తే, "పాట్టీ, ఆ అమ్మకోసం ప్రార్థన చేస్తాను," అన్నాడు. అప్ప అడిగింది ప్రార్థన కాదు.

ఇంటికి రాగానే అప్ప నా మొహం చూసింది.

"అడిగినావేటి?"

"అడిగినాను."

"ఏటన్నాడు?"

"మంచోడే."

"అయితే కొడతాడు," అని కళ్ళు మూసుకుంది.

అప్ప పోయిన పొద్దున ఆమె కొడుకు ఫోనులో చుట్టాలందరికీ కబురు పెట్టాడు. దండాలు పెట్టే బొమ్మలు బోలెడు వచ్చాయట. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ మోటారు సైకిళ్ళు అప్ప గుమ్మం ముందునుంచే పోయాయి. ఒక్కరూ ఆగలేదు. వాళ్ళకు తెలిస్తేగా.

నేను పిడికెడు బియ్యం పట్టుకుని వెళ్ళాను. అప్ప కోడలు చూసింది. "ఇదేటి సిన్నత్తా? బయటినుంచి బోజనాలకి సెప్పీసినాం," అంది.

పిడికిలి విప్పకుండా అప్ప పక్కన కూర్చున్నాను.