గోవిందు పక్కన పెట్టిన కత్తి

మైలవరంలో సెలూన్ నడిపే గోవిందు ముప్ఫై ఎనిమిదేళ్లుగా పిల్లల పుట్టువెంట్రుకలు తీస్తున్నాడు. మొన్న బుల్లెమ్మ మూడేళ్ల మనవరాలు మనోజ్ఞ తల తడుపుతుంటే, కుడిచెవి వెనక గట్టి బుడిపె, మెడలోకి దిగిన సన్నటి గొట్టం చేతికి తగిలాయి.

“మెదడులో చేరే నీళ్లు పొట్టలోకి దిగడానికి షంట్ వేశారు. పిల్ల బతికితే గుండు చేయిస్తానని మొక్కుకున్నా. గీసెయ్ గోవిందూ” అంది బుల్లెమ్మ.

గోవిందు కత్తి పక్కన పెట్టాడు. “దాని మీద చర్మం పల్చగా ఉందమ్మా. తెగితే చీము పట్టుద్ది. గుండు బదులు మూడు కత్తెరలు ఇద్దాం.”

“మొక్కింది గుండు. దేవుడు ఊరుకుంటాడా?”

“అలిగితే నా మీద అలగమనండి.”

ఎడమవైపు నుంచి మూడు పాయలు కత్తిరించాడు. బుల్లెమ్మ వాటిని కొంగులో పట్టుకుంది.

“ఇంకో పాయ కూడా తియ్యి, నీ మీద అలగకుండా.”