అమావాస్య నాటి పాఠకులు

1997 జూన్‌లో నన్ను హిందూపురం శాఖా గ్రంథాలయం నుంచి ధర్మవరానికి వేశారు. నేతగాళ్ల వీధిలో కొత్తగా పెట్టిన ఉపశాఖ అది. కొత్తచోట గ్రంథాలయం పెట్టాలనుకున్నప్పుడు మొదట ఇట్లా ఒక అద్దెగది తెరుస్తారు. సభ్యులు చేరితే శాఖగా మార్చి సొంత కట్టడం ఇస్తారు. చేరకపోతే బీరువాలు వెనక్కి తీసుకుపోతారు. కార్తీకం దాటాక తనిఖీ అన్నారు.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, ప్రైవేటుగా పరీక్షలకు కట్టించాడు. అట్లాంటిదాన్ని దేవుడు పుస్తకాల మధ్య కూర్చోబెట్టాడని రోజూ దీపం పెట్టుకుని బయల్దేరేదాన్ని.

ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు. ఆ వేళల్లో వీధంతా మగ్గాల చప్పుడు, గదిలో నేనొక్కదాన్నే. పొద్దున బల్ల మీద పరిచిన పత్రికలను సాయంత్రం ఎవరి చేయీ తగలకుండానే మడిచేదాన్ని. కొన్ని రోజులు నా గొంతు నేను విన్నది పూజలో మాత్రమే.

ఎదురింట్లో కండెలకు పట్టు చుట్టే నాగమ్మను ఒకరోజు అడిగాను, మీవాళ్లకు చదువంటే ఇష్టం లేదా అని.

"ఇష్టం లేకేమి? నువ్వు తలుపు తీసేటప్పటికి మావోళ్లు మగ్గం గుంతలో దిగింటారు. అమావాస్యకొకనాడే తీరిక. నువ్వొచ్చిన కొత్తల్లో అమావాస్యకు వచ్చిరి. బీగం ఏసింటివి. ఈయమ్మకూ అమావాస్య సెలవే కాబోలు అనుకుంటిమి."

అమావాస్య నాడు మగ్గం నేయరు. ఆ అమావాస్య శుక్రవారం పడింది. పంచాంగం చూడనిదే పొద్దు గడవని నాకు ఆ రెండూ కలిపి చూడాలని తోచలేదు.

అమావాస్యకు పగలంతా తెరిచి ఉంచడానికి జిల్లా కార్యాలయం అనుమతి తెచ్చుకున్నాను. నాగమ్మ వీధంతా చెప్పింది. తనిఖీకి కూడా ఆ రోజే రమ్మని అధికారిని కోరాను. అమావాస్య పూట ఎవరమ్మా ప్రయాణం కట్టేది అని విసుక్కుంటూనే పెనుకొండ నుంచి బస్సులో వచ్చారాయన. బెంచీలు చాలక జనం గడపదాకా కూర్చున్నారు. ఒకాయన పేపరు పెద్దగా చదువుతుంటే చదువు రానివాళ్లు వింటున్నారు. నిలబడిపోయిన అధికారిని చూసి ఒక ముసలాయన కాస్త జరిగాడు.

"ఏమప్పా, కొత్తగా వస్తాండావా? ఈడ కూర్చో. పేపరు మాత్రం నా తర్వాతే."

అధికారి కూర్చుని వంతు కోసం కాచుకున్నారు.

ఉపశాఖ నిలిచింది; కొన్నేళ్లకు శాఖ అయింది, సొంత కట్టడమూ వచ్చింది. తక్కిన రోజుల్లో ఆ పెద్ద హాల్లోనూ ఎక్కువగా నేనొక్కదాన్నే ఉండేదాన్ని. నాగమ్మ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. రమ్మంటే, మగ్గానికి అమావాస్య ఉండాది గానీ పొయ్యికి యాడుందమ్మా అనేది. ఆమె మేలు మరవలేను.

ఏ వేళ తెరిచినా తలుపు బయట ఎవరో ఒకరు మిగిలిపోతారు. తరువాత పనిచేసిన ప్రతి ఊళ్లో, పుస్తకాలు సర్దకముందే వాళ్లెవరో అడిగి తెలుసుకున్నాను.