మా నాయనను ముందు ఇంట్లోనే విమానం ఎక్కించాం

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున మా నాయన కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. తెర మీద విమానం రన్‌వే వదిలి లేచింది... ఆగింది... ఒక్కసారిగా ముందుకు దూకింది... మళ్ళీ ఆగింది.

"ఇట్ల నిలబడి నిలబడి పోతాదా గాల్లో? నేను పోను మే. నా బదులు ఇంకెవర్నన్నా పంపమని చెప్తా" అంటూ లేచి చేనికి వెళ్ళిపోయాడు.

అక్కా నేనూ ముఖాలు చూసుకున్నాం. భయం పోగొడదామనుకుంటే... ఉన్నదాన్ని రెండింతలు చేశాం!

సంగతేమిటంటే... పత్తికొండ దగ్గర మా చేను. బోరులో వచ్చే కాసిన్ని నీళ్ళతోనే నాయన టమాటా బాగా పండిస్తాడని, ఢిల్లీలో రైతుల సమావేశంలో మాట్లాడమని పిలిచారు. హైదరాబాదు నుంచి విమానం. మా వీధిలో అప్పటికి విమానం ఎక్కినవాళ్ళే లేరు. అమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చింది. కానీ నాయనకు ఎత్తంటే వణుకు. మిద్దె ఎక్కినా పిట్టగోడ దగ్గరకు వచ్చేవాడు కాదు.

అక్క కర్నూల్లో కంప్యూటర్ డిప్లొమా చదువుతూ సెలవులకు వచ్చింది. మా మేనమామ కొత్తది కొనుక్కుని పాత కంప్యూటర్ మాకు ఇచ్చేశాడు. అందులో విమానం నడిపే ఆట ఉండేది. నాయనను ముందు ఇంట్లోనే విమానం ఎక్కిద్దామన్న ఆలోచన అక్కదే.

"తప్పు విమానానిది కాదు మే... కంప్యూటర్‌ది" అంది అక్క. "సెకనుకు ఇరవై బొమ్మలన్నా మారితేనే సాఫీగా పోయినట్ల కనపడతాది. మనది ఆరేడుకే ఆయాసపడతాంది."

ప్రయాణానికి ఇంకా నాలుగే రోజులు.

మొదటి రోజు, కంప్యూటర్ ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునేవన్నీ ఆపేసింది అక్క. హార్డ్ డిస్క్ నిండా ఉన్న పాటలూ సినిమాలూ తీసేయాలంది. నేను ఒక్కొక్క పాటకూ బతిమాలాను... వినలేదు. తర్వాత డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒక వరసలో సర్దడానికి పెట్టింది. తెర మీద ఎర్ర గళ్ళు, నీలం గళ్ళు మెల్లగా జరుగుతుంటే, అమ్మ చాటలో కందులు ఏరుకుంటూ సాయంత్రం దాకా దాని ముందే కూర్చుంది.

"ఏమో అనుకుంటి... ఇది కూడా నా మాదిరే ఏరుకుంటాందే!" అని ఒకటే నవ్వు.

రెండో రోజు ఆట సెట్టింగులు. చెట్లు తగ్గించాం. నీడలు తీసేశాం. ఆకాశంలో తిరిగే వేరే విమానాలు తీసేశాం. మబ్బులు కూడా తీసేశాం. కొంచెం నయమే... కానీ మలుపు తిరిగితే మళ్ళీ కుదుపు.

మూడో రోజు అక్క స్క్రూడ్రైవర్ తీసుకుని కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పేసింది. అమ్మో... లోపలంతా ఎర్రమట్టి దుమ్ము! ఫ్యాన్ రెక్కలు కనబడటం లేదు. వాకిట్లో పెట్టి, సైకిల్ పంపుతో నేను గాలి కొడుతుంటే అక్క పెయింట్ బ్రష్‌తో దులిపింది. ఇద్దరం తుమ్ములే తుమ్ములు.

అప్పుడే మెమరీ ముక్కలు రెండూ ఊడదీసి, ఒకదాని అంచు చూసి అక్క ఆగిపోయింది. నల్లగా మసిబారింది.

"నీ రబ్బరు తే."

నా పెన్సిల్ రబ్బరుతో ఆ అంచును మెత్తగా రుద్దింది. పసుపు రంగు తేలింది. ముక్కను మళ్ళీ పెట్టి నొక్కితే 'టక్' మంది. కంప్యూటర్ ఆన్ చేసి, మెమరీ ఎంతుందో చూసి ఒక్క కేక పెట్టింది... అది రెట్టింపైంది! ఇన్నాళ్ళూ రెండో ముక్క పనే చేయలేదన్నమాట.

విమానం లేచింది. ఎక్కడా ఆగలేదు. వెన్న మీద కత్తి జారినట్టు పోయింది. ఇద్దరం గంతులు వేశాం.

నాలుగో రోజు నాయనను అమ్మే చేయి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. "ఒక్కసారి సూడయ్యా. పిల్లోళ్ళు మూడు దినాలుగా తిండి మరిచి చేస్తాండారు."

కాసేపటికి నాయన చేతులు కుర్చీని వదిలాయి. తర్వాత అవే కీబోర్డు మీదకు వచ్చాయి. ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. రెక్క సర్దుకునే చప్పుడు వస్తే అదేందని అక్కను అడిగి తెలుసుకున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"మబ్బులు యాడ పాయ?"

"తీసేసినాం నాయనా. అవి ఉంటే నిదానమైతాది."

"మన ఊర్లోనే లేవు, ఈడ కూడా తీసేస్తారా! పెట్టండి మే."

భయంభయంగా పెట్టాం. కొంచెం నెమ్మదించింది కానీ ఆగలేదు. విమానం తెల్లటి మబ్బులోకి దూరి అవతలకు తేలింది. నాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "మబ్బు మీదకు పోవచ్చు అనమాట!" అన్నాడు. ఇక లేవమన్నా లేవలేదు.

వెళ్ళాడు. ఢిల్లీ చేరగానే పక్కింటికి ఫోన్ చేశాడు. అమ్మ, అక్క, నేను... రిసీవర్‌కు ముగ్గురం చెవులు ఆనించాం.

"కిటికీ పక్కనే కుచ్చున్న్యా! నా పక్కన బద్వేలు రైతు ఒకాయన శానా భయపడినాడు. ఆయప్ప చెయ్యి పట్టుకోని చెప్పినా... అది రెక్క సర్దుకునే సప్పుడప్పా, ఏం కాదు అని. నువ్వు ఎన్నిసార్లు ఎక్కినావన్నా అని అడిగినాడు మే!"

"ఏం చెప్పినావు నాయనా?"

"శానాసార్లు అని చెప్పినా!"

ముగ్గురం పడీ పడీ నవ్వాం.

ఇప్పుడు మా జిల్లాలోనే విమానాశ్రయం ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఏ ఆట పెట్టినా మొదటిసారే సాఫీగా నడుస్తుంది. విప్పాల్సిన స్క్రూ లేదు, దులపాల్సిన దుమ్ము లేదు... ఒక్కదాన్నే కూర్చుంటాను, ఒక్కదాన్నే మూసేస్తాను.

మీ ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని చుట్టూ ఎవరెవరు చేరేవాళ్ళు? వాళ్ళ పేర్లు ఒక్కసారి ఇక్కడ రాయండి... చదువుకుంటాను.