గొట్టం కాజా మరక

మేనకోడలి పెళ్లికి అనంతపురం నుంచి పెళ్లికొడుకు ఊరు రాజమండ్రి వచ్చి, కొత్త తెల్లచొక్కాతో ఒక మిఠాయి కొట్టు దగ్గర ఆగాను. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సిన మేనమామని నేనే. కొట్టు ముందు జనం పుష్కరాలను చిన్నబుచ్చేలా ఉన్నారు.

గొట్టం కాజా చేతికిస్తూ కొట్టు పెద్దాయన, "వంగి కొరకండి బాబూ, లోపలంతా పాకవేనండి" అన్నాడు.

"మిఠాయి ముందు తలొంచే వంశం కాదు మాది!" అని నిటారుగా నిలబడి కొరికాను. ఆనకట్ట తెగింది. పాకం గడ్డం నుంచి బొడ్డు దాకా పారింది.

"కలెక్టరు గారైనా మా కాజాకి వంగాల్సిందేనండి" అన్నాడాయన గర్వంగా.

మార్చుకోవడానికి మరో చొక్కా లేదు. పందిట్లో మేనకోడలి బుట్ట మోస్తున్నంతసేపు మరక కనబడలేదు. బుట్ట దించగానే పెళ్లికొడుకు తాతగారి చూపు నా పొట్ట మీద పడింది. మేనమామ పరువు గోదాట్లో కలిసిందనుకున్నాను.

"గొట్టం కాజాయేనాండీ?" అన్నారాయన.

తల వంచి ఒప్పుకున్నాను.

"ఆయ్! అయితే మీరిక మావోళ్లేనండి" అంటూ నా పొట్టను పందిరంతా చూపించారు.

ఆ చొక్కాను పతకంలా దాచుకున్నాను, ఉతకనివ్వలేదు. ఇప్పుడు మా అనంతపురం చీమలకు కూడా రాజమండ్రి పాకం రుచి తెలుసు.