గుండు మౌసూ నా పుర్రచెయ్యీ

మొన్న సిద్దిపేటలో ఒక రిపేరు దుకాణానికి వెళ్లాను. మూలనున్న పాత డబ్బా మానిటర్‌కు కరెంటు ఇవ్వగానే దుమ్ము వేడెక్కిన వాసన గుప్పున వచ్చింది. ఆ వాసన వెంట మా బడి కంప్యూటర్ గదీ, గుమ్మం బయట వరసగా విడిచిన చెప్పులూ, మానిటర్ల మీద కప్పిన పూల గుడ్డలూ, వాటన్నిటితో పాటు నా పాత కోపమూ వచ్చాయి. ఆ కోపమంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. మావైపు పుర్రచెయ్యి అంటారు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పూలు ఎడమ చేత్తో అందిస్తే మా నాయనమ్మ, అంటే బాపమ్మ, ఆ చేతి మీద చురుక్కుమనేలా ఒకటి వేసేది. బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు, నువ్వుల సద్దీ, రొట్టెలో బెల్లమూ నెయ్యీ కలిపి ముద్దలు కట్టిన మలీదా పంచుతుంటే, దసరా సాయంత్రం జమ్మి ఆకు పెద్దల చేతుల్లో పెడుతుంటే, “గా చెయ్యి తియ్యే” అన్న మాట నా వెనకాలే తిరిగేది. తిండికీ దండానికీ పోనీలెమ్మని కుడిచెయ్యి అలవాటు చేసుకున్నాను. కంప్యూటర్ దగ్గర మాత్రం లొంగలేదు.

ఇద్దరికి ఒక కంప్యూటర్. నా పక్కన రజియా. కంప్యూటర్ సార్ మొదట్లోనే మౌస్‌ను బోర్లించి, కింది మూత తిప్పి, రబ్బరు తొడుగున్న బరువైన గుండును అరచేతిలో వేసి చూపించారు. మౌస్ జరిపితే ఆ గుండు దొర్లుతుంది, దాన్ని ఆనుకున్న రెండు సన్నని కడ్డీలు తిరుగుతాయి, ఒకటి అడ్డంగా ఎంత జరిగామో, రెండోది నిలువుగా ఎంత జరిగామో కంప్యూటర్‌కు చెబుతాయి, తెర మీద బాణం అలా కదులుతుంది. కీబోర్డులో ఏ, ఎస్, డీ, ఎఫ్ అక్షరాలను ఆయనే ఎడమచేతి వేళ్లకు అప్పజెప్పారు. నాకెంత సంతోషమో! కానీ మౌస్‌ను ఎడమవైపు లాక్కోగానే ముఖం మాడ్చుకుని “కుడిదిక్కు వెట్టు” అనేవారు. ఆయన అటు తిరగగానే నేను మళ్లీ ఇటు లాక్కునేదాన్ని. తీగ చాలకపోతే రజియా దాన్ని మానిటర్ వెనక నుంచి లాగి ఇచ్చేది.

దసరా సెలవులిచ్చే ముందు ఆయుధపూజ అని కంప్యూటర్లకూ చేశారు. కీబోర్డుల మీద అక్షింతలు చల్లి, మౌస్‌లకు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరినీళ్లు చిలకరించారు. సెలవులయ్యాక వచ్చి చూస్తే మా బాణం అడ్డంగా పోతుంది గానీ పైకీ కిందికీ కదలదు.

“పూజ చేసినదాన్ని పుర్రచెయ్యితోని ముట్టినవ్, గిట్లనే అయితది. ఇగ నువ్వు ముట్టకు. పక్కకు కూసొని చూడు” అన్నారు సార్.

ఏడాదంతా చూస్తూ కూర్చోవాలట! ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మౌస్‌ను బోర్లించి ఎడమచేత్తోనే మూత తిప్పాను. గుండంతా ఎర్రగా ఉంది. నిలువు కదలిక చెప్పే కడ్డీకి కుంకుమా కొబ్బరినీళ్లూ కలిసి ఎండి, పట్టీలా చుట్టుకున్నాయి. గాజుకు పెట్టుకున్న పిన్నీసు తీసి గీకి, గుండును పావడా అంచుతో తుడిచి మళ్లీ లోపల వేశాను.

“సార్, గిది నా చెయ్యి పని గాదు, కుంకుమ పని. లోపటి గుండుకు బొట్టు పెట్టినోళ్లది ఏ చెయ్యో తెల్వది. అక్షరాలు కొట్టనీకి పుర్రచెయ్యి కావాలె, గిది పట్టనీకి వద్దా?”

రజియా మౌస్‌ను పైకీ కిందికీ జరిపి, తెర వైపు చూపించి, “బాణం మంచిగ పోతుంది సార్” అంది.

“పిల్లకు నోరు ఎక్కువ” అని గొణుగుతూ సార్ పక్క బల్లకు వెళ్లిపోయారు. తర్వాత మా మౌస్ ఎడమవైపే ఉంది.

ఆ గుండు మౌసులు ఇప్పుడు లేవు. ఇప్పటివాటి కింద చిన్న ఎర్ర వెలుగు బల్లను చూస్తూ కదలికను పసిగడుతుంది. ఫోను తెర ఏ వేలు తాకినా పలుకుతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ ఎడమ బొటనవేలు పెట్టినా బియ్యం ఇప్పిస్తుంది. కొట్టే బాపమ్మ పోయింది, మలీదా ముద్ద చేతిలో పెట్టే బాపమ్మా పోయింది. “గా చెయ్యి తియ్యే” అన్న మాట మాత్రం చావలేదు. ఇవాళ సాయంత్రం రెండో తరగతి చదివే నా కూతురు బడి నుంచి వచ్చి, ఎడమచెయ్యి వీపు వెనక దాచుకుని నిలబడింది.

“అమ్మా, గీ చెయ్యితోని రాస్తే టీచర్ కొడుతనన్నది.”

“దాచకు బిడ్డా, ముందలికి తియ్యి. పొద్దుగాల నేను గూడ బడికి వస్తున్న” అన్నాను.