ఈశాన్యంలో బరువు

సబ్బవరం దాటాక జీడితోటల మధ్య జమీందార్ల కాలం నాటి తోటబంగళా ఒకటి ఉంది. దాని వెనకున్న గుర్రాల శాల, మేస్త్రి తొందరపడి ఆసరాగా నిలిపిన ఇనప జాకీలు తీసెయ్యడం వల్లే కూలిందని ఆ చుట్టుపక్కల అందరూ అంటారు. ఆ మేస్త్రి మా చెల్లెలి భర్త. ఆ మాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాదని అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

బంగళాను కొత్తగా కొన్నాయన దాన్ని పెళ్ళిళ్ళకు అద్దెకివ్వాలనుకున్నాడు. శాలను భోజనాల హాలు చెయ్యాలి. ద్వారకా నగర్‌లోని ఒక చిన్న ఆఫీసులో పాత కట్టడాలను కొలిచి ప్లాన్లు గీసే పని నాది. బంగళా నాకు పెద్దగా ఎక్కలేదు గానీ, శాలలో అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను. పొడవునా కమానుల వరస. పైన టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన ఇటుకలు. గోడ వెంట రాతి తొట్లు. గుర్రాలు మెడలు ఆనించి ఆనించి వాటి అంచులు నున్నబడ్డాయి. నేల ఒక పక్కకు కాస్త వాలుగా ఉంటుంది, కడిగిన నీళ్ళు నిలవకుండా.

కమాను బరువును కిందికి దింపడమే కాదు, పక్కకు తోస్తుంది కూడా. వరసలో ఉన్నంతసేపు ఒకదాని తోపును పక్కది ఆపుతుంది. చివరిదాన్ని ఆపడానికి ఏదో ఒకటి కావాలి. అందుకే ఆనాటివాళ్ళు చివరి గోడకు బయటనుంచి ఏటవాలుగా ఒక పెద్ద రాతి దిమ్మ ఆనించి కట్టారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఏనుగు కాలు అనేవారు. ప్లానులో ఆ దిమ్మ వైపు తోపు బాణాలు గీసింది నేనే.

ఆ దిమ్మ సరిగ్గా ఈశాన్య మూలన ఉంది.

"ఈశాన్యంలో అంత బరువేటండీ! సిద్ధాంతిగారు సూసి అదిరిపోనారు. ఇక్కడ జరిగే పెళ్ళిళ్ళన్నీ పెటాకులవుతాయంట. తీయించీండి" అన్నాడు యజమాని.

"కమాను తోపు దాని మీదే ఉందండీ" అన్నాను.

"తొయ్యడానికి లోపల గుర్రాలున్నాయేటండీ ఇంకా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కమానుల కింద జాకీలు పెడితే సరిపోతుందని కూడా నా నోటితో నేనే అన్నాను. జాకీ కిందికొచ్చే బరువును మోస్తుందే తప్ప పక్క తోపును ఆపలేదని నాకు తెలుసు. కానీ ఈశాన్యంలో ఉందని మా ఇంటి నీళ్ళ ట్యాంకును పడమటి వైపు మార్పించినవాణ్ణి. ఏం జరగదులే అనుకోవడానికి నాలో సగం మనిషి ముందే సిద్ధంగా ఉన్నాడు.

దిమ్మను తీశారు. ఏమీ జరగలేదు. తర్వాత చివరి కమాను నెత్తిన వెంట్రుకంత పగులు కనిపించింది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించాం. పగులు కదిలితే గాజు విరుగుతుంది. అప్పటినుంచి సింహాచలం దాటాక బండి నెమ్మదిగా నడిపేవాణ్ణి. శాల దగ్గరకు వెళ్ళి కూడా లోపలికి పోకుండా టీ తాగేవాణ్ణి, ఫోన్లు చేసేవాణ్ణి. గాజు వైపు చూడడానికి అంత భయం.

"ఏటి బావా, కొత్త పెళ్ళికూతుర్ని సూడ్డానికొచ్చినోడిలాగ గుమ్మం కాడ నిలబడిపోతన్నావ్? గాజు బాగానే ఉందిలే, రా" అనేవాడు మా బావ.

వాన పట్టాక ఒక పొద్దున గాజు రెండు ముక్కలై ఉంది. కమాను రాళ్ళ మధ్యనుంచి సున్నం పిండిలా రాలుతోంది. ఆగి ఆగి. ఎక్కడో పైన దూలం మూలిగినట్టు చప్పుడు. మనుషులందర్నీ బయటికి పిలిచెయ్యాల్సిన సమయం అది. మిగతావాళ్ళను పిలిచాను. మా బావతో మాత్రం, "చివరి కమాను కింద ఇంకో జాకీ బిగించి వచ్చెయ్" అన్నాను. ఎక్కడ బిగించాలో చూపించడానికి నేను కూడా వెళ్ళాలి. వెళ్ళలేదు. గుమ్మం బయటినుంచి చెయ్యి చాపి చూపించాను.

"ఇక్కడేనా? ఇంకా ఇటా?" అని లోపలినుంచి అడిగాడు.

"ఇంకొంచెం అటు" అన్నాను.

గోడ పక్కకు ఒరిగింది. కమానులు ఒకదాని వెంట ఒకటి, తలుపులు వేసుకున్నట్టు కూలాయి. దుమ్ములో నాకేమీ కనబడలేదు. బావా, బావా అని అరుస్తున్నాననుకున్నాను గానీ గొంతులోంచి గాలి మాత్రమే వచ్చిందట, తర్వాత కూలీలు చెప్పారు. ఒక రాతి తొట్టి పక్కకు దూరి అతను బతికాడు. కుడి భుజం నలిగిపోయింది.

ఆసుపత్రి బయట యజమాని, "జాకీలు ముందే పీకేసినాడేటి?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. అదే జవాబైంది. భుజం కొంత నయమయ్యాక మా బావ పనికి వెళ్తే, జాకీలు పీకేసే మేస్త్రి వద్దన్నారు. అందరూ పిలవడం మానేశారు.

మొన్న వాళ్ళింటికెళ్ళి అంతా చెప్పాను.

"నాకెందుకు బావా సెప్తన్నావ్? నాను లోపలున్నాను కదా, నాకు తెల్దేటి? నన్ను పనిలోకి పిలిసేటోళ్ళకి సెప్పు."

మర్నాడు పొద్దున్నే, మేస్త్రీలూ కాంట్రాక్టర్లూ కూలి మాట్లాడుకునే సబ్బవరం జంక్షన్‌కు వెళ్ళాను. శాల దగ్గర చేసినట్టే ముందు టీ తాగాను, ఫోన్లు చేశాను. తర్వాత చెప్పాను. దిమ్మ తీయించింది మేము, తోపు సంగతి తెలిసీ ఊరుకుంది నేను, లోపలికి పంపింది నేను, జాకీలు ఎవరూ తియ్యలేదు.

ఒక ముసలి మేస్త్రి బీడీ పక్కన పెట్టాడు. "మరి ఇన్నాళ్ళూ ఏటి సేసినావు బాబూ?"

"భయపడ్డాను" అన్నాను.

"ఆడు భయపడ్లేదేటి, లోపల?" అన్నాడాయన.